బల్ల దగ్గర చోటు

"వాగు పొంగింది. అందుకే మందు తేలేకపోయినా."

ఆదివారం ప్రభు భోజనం ఇవ్వడానికి కంభం నుంచి పాస్టరు వస్తున్నారని కబురందింది. ఆయన ముందు ఈ మాట తడబడకుండా చెప్పాలి. రాత్రి చీకట్లో ఊరు చేరి, ఇల్లు కదలని సంఘపెద్ద ఓబులయ్య గోడకేసి చూస్తూ మళ్లీ అదే చెప్పుకున్నాడు.

"ఏ వాగు, మామా?"

ఉలిక్కిపడ్డాడు. గడప బయట, మిట్టమధ్యాహ్నపు ఎండలో యేసుమణి. కలరాకు కొడుకును పోగొట్టుకున్న తల్లి.

"ఎండలో నిలబడినావేంది అమ్మీ? లోపలికి రా. నీళ్లు తాగు."

"దాహం తీరిపోయింది మామా. తప్పు చేసినోడి దగ్గరికి మొదట ఒంటిగా పోవాలని నువ్వే చెబుతుంటివి కదా. అందుకే ఒంటిగా వచ్చినా."

ఓబులయ్య చూపు మూలనున్న సంచి మీదికి పోయింది.

"మిషన్ ఆసుపత్రి దొరసానమ్మ ఇచ్చిన మందు సీసాలు నీ సంచిలోనే ఉండె. పల్లెలోకి రావడానికి భయపడి అర్ధవీడులో మీ అక్క ఇంట్లో దాక్కుంటివి. నా బిడ్డ 'తాత మందు తెస్తాడు' అంటా అంటానే కళ్లు మూసినాడు. పాస్టరయ్య ముందు ఒప్పుకో మామా."

"వాగు పొంగింది" అన్నాడు.

ఆమె కోప్పడలేదు. "రేపు వస్తా" అంది.

శనివారం అదే వేళకు సంఘంలోని మస్తానయ్యనూ పిచ్చయ్యనూ వెంటబెట్టుకొచ్చింది. బైబిలు వాక్యంలో ఉన్నట్టే, ఇద్దరు సాక్షులు.

మస్తానయ్య నవ్వాడు. "మండు వేసవిలో వాగు పొంగిందా బావా? మరి నోవహు ఓడ యాడ కట్టేసినావు?"

"ఊరుకో రా" అన్నాడు పిచ్చయ్య. "అన్నా, నిన్ను వెలివేయడానికి రాలేదు. నోట్లో అబద్ధం పెట్టుకొని ప్రభువు రొట్టె ఎట్ల తింటావు? నువ్వు లేకుండా మేం ప్రభు బల్ల దగ్గర కూర్చోలేం."

ఓబులయ్య తలుపు వేసేశాడు.

ఆదివారం పొద్దున తలుపు తీస్తే వాకిట్లో సంఘమంతా ఉంది. ముసలివాళ్లు, చంకల్లో బిడ్డలతో తల్లులు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ కదల్లేదు. అతన్నే చూస్తున్నారు.

ఓబులయ్య మోకాళ్ల మీద కూలిపోయాడు.

"చస్తానని భయమేసింది! మందు నా దగ్గరే ఉండె. నన్ను క్షమించండి."

"లే మామా" అంది యేసుమణి. "దా, పోదాం."

అందరూ అతన్ని ప్రార్థన గుడిసెలోకి నడిపించారు. బల్లకు దగ్గరగా చోటిచ్చారు.

కాసేపటికి పాస్టరు బండి వచ్చి ఆగింది. ఓబులయ్య బయటికి పరుగెత్తి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. ఏదీ దాచకుండా చెప్పేశాడు.

"సంఘం నన్ను క్షమించింది అయ్యా. లోపల అందరూ మీ కోసమే కూర్చోనుండారు."

పాస్టరు తల వంచి గుడిసెలోకి చూశారు. ఓబులయ్య ఒక్కడి కోసం తెచ్చిన రొట్టె ఆయన చేతిలోంచి జారిపోయింది.

ఊళ్లో లేని ఓబులయ్య తప్ప, ఆ సంఘంలోని నలభై మందినీ పది రోజుల కిందట ఒకే గుంటలో పెట్టి మన్ను వేయించింది ఆయనే.