పదిహేడో నంబరు చూసిన వీడియో

"పదిహేడో నంబరు నీకేం పాపం చేసింది, ఈషా? తీసేసినవట!" గదిలోకి వస్తూనే నిలదీశాడు శ్రీహర్ష.

ఈషా తలెత్తలేదు. సియోల్ నగరంలో జనం రోజూ మొబైల్లో ఏం చూస్తారు, ఎప్పుడు చూస్తారు అన్నది జర్మనీలోని జీగెన్ యూనివర్సిటీలో ఆమె పరిశోధన. అక్కడి ముప్ఫై మంది, పేర్లకు బదులు నంబర్లతో, ఒక యాప్‌లో రోజుకో స్క్రీన్‌షాట్, దాని కింద ఒక వాక్యం పంపుతారు. స్క్రీన్‌షాట్లలో మనుషులు కనబడిన చోటల్లా కంప్యూటర్ మసకేశాకే అవి ఈషా చేతికి రావాలి. వ్యక్తిగత వివరాలంటే జర్మన్ల పట్టింపు అంతా ఇంతా కాదు. ఆ పని చూసుకునేది శ్రీహర్ష.

"నెల నుంచీ అదే వీడియో, అదే మసక ఆకారం. పాత స్క్రీన్‌షాట్‌నే తిప్పి తిప్పి పంపుతోంది. ఇక్కడ చాప్టర్ గడువు నెత్తి మీద కూర్చుంది. ఈ మోసం పెట్టుకుని నేనేం రాయను?"

"పైన టైం చూసినవా?"

చూడలేదు. ఇప్పుడు చూసింది. ఒకరోజు ఏడుంబావు, ఒకరోజు ఏడున్నర. ఏ రోజుకారోజు కొత్తగా తీసినవే. కింద ఆ పదిహేడో నంబరు ముసలావిడ రాసిన వాక్యాలు కూడా వేరువేరే. 'ముల్లంగి పులుసుతో అన్నం తింటూ చూశాను.' 'ఇవాళ జ్వరం. గంజి తాగుతూ చూశాను.'

మొన్న ఈషా ఆవిడకు మర్యాదగానే రాసింది, మీ సమాచారం మాకు ఉపయోగపడదు, ఇక పంపనక్కర్లేదు అని. 'నీ పని పాడుచేసి ఉంటే క్షమించు తల్లీ' అని జవాబిచ్చింది ఆవిడ. డెబ్భై రెండేళ్ళ మనిషిని దొంగను చేసినందుకు ఈషాకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకుంటాను. నంబరివ్వు."

"ఇంక యాడిది? తీసేసినోళ్ళ పేరు, నంబరు, యాప్ ఖాతా అన్నీ ఆ దినమే చెరిపెయ్యాలె. రూలు తెల్వదా నీకు?"

"ఒంటరిగా తినేవాళ్ళకి తోడుగా కబుర్లు చెప్పే చానెళ్ళు అక్కడ బోలెడున్నాయి, హర్షా. ఇదీ అలాంటిదే అయ్యుంటుంది. రోజూ చూసే ముసలావిడ ఆ చానెల్ వాళ్ళకి తెలియకుండా ఉంటుందా? వాళ్ళని పట్టుకుంటే ఆవిడ దొరుకుతుంది. మసకెయ్యని స్క్రీన్‌షాట్ నీ దగ్గరుందిగా?"

"ఉంది. సాయంత్రానికి డిలీట్ కొట్టాలె. నీకు చూపిస్తే నా కొలువు పోతది."

"ఎవరా మనిషో ఒక్కసారి చూడనీ. నీకు దణ్ణం పెడతాను."

శ్రీహర్ష లేచి తలుపు మూసొచ్చాడు. మెషీన్ తన పని తాను చేసుకుపోయేది కాబట్టి మసకెయ్యనివాటిని అతనూ ఏనాడూ తెరిచి చూడలేదు. ఫైలు తెరిచాడు. మెల్లగా లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు.

స్క్రీన్‌షాట్లు ఎలా పంపాలో వివరిస్తూ మొదటి రోజు ముప్ఫై మందికీ పంపిన వీడియోలోంచి, "నమస్కారం, భోజనం చేశారా?" అని కొరియన్‌లో నవ్వుతూ అడుగుతోంది ఈషానే.