కార్డు మీది ఏడు

పాత వైద్యగ్రంథాలన్నీ తెరల మీదికి ఎక్కాక, పేదలకు ఏ వైద్యం సరిపోతుందో సర్కారుకు తేలిపోయింది. పేదలకిచ్చిన ప్రతి వైద్యం కార్డు మీదా ఒక సంవత్సరం అచ్చువేశారు. ఆ ఏడు దాటాక కనిపెట్టిన మందు ఆ ఇంటికి అందదు.

సూరీడమ్మ కార్డు మీద 1910 ఉంది. కూతురు పైడితల్లికి నెమ్ము చేసి ఎగశ్వాస వస్తోంది. నర్సు ఝాన్సీ జలగల సీసా తెచ్చి మంచం పక్కన పెట్టింది.

వార్డు గోడకున్న తెర మీద ఆ గ్రంథాలను ఎవరైనా చదువుకోవచ్చు. సూరీడమ్మ పేజీలు జరుపుతూ పోయి 1945 దగ్గర ఆగింది.

"ఇదే జబ్బు కదమ్మా! ఈ సూదేత్తే తగ్గిపోనాదని రాసున్నాది. అదెయ్యండి."

"చదవడానికి అన్నేళ్లూ ఉచితమేనమ్మా. వైద్యానికి మాత్రం మీ కార్డు మీదున్న ఏడే."

"మరి మాకెప్పుడిత్తారు?"

"ఏడాదికో ఏడు ముందుకి జరుపుతున్నారు కదా," అంది ఝాన్సీ ఓపిగ్గా. "మీ మనవల కాలానికి అందేస్తుంది."

సూరీడమ్మ సీసాలోంచి జలగను తీసి, పైడితల్లి గుండెల మీద తన చేత్తోనే పెట్టింది. ఆమెకున్నది ఈ పిల్ల ఒక్కతే.