గొడుగు మర్చిపోయే ఆదివారాలు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై ఎనిమిదో ఏట చర్చి వెనక గదిలో అక్షరాలు దిద్దుకున్నాను. చెయ్యి ఇంకా నెమ్మదే. కథ మాత్రం చిన్నది.

మా ఆయన ఆల్సీడ్ మిసిసిపీ నదిలో ఓడలు దాటించే పైలట్. న్యూ ఆర్లీన్స్‌లో ఆయన్ని చూసి మొహం విప్పార్చని సర్వర్ ఉండేవాడు కాదు. టిప్పు ఇవ్వడంలో ఆయనకు ఆయనే సాటి. భోజనానికి బిల్లులో ఐదో వంతు. బారులో గ్లాసుకో డాలరు. కోటు అందించినవాడికి వేరే. మంగలి షాపులో జుట్టు కత్తిరించింది పనివాడైతే ఇవ్వాలి, షాపు యజమానే అయితే ఇవ్వకూడదు. పెళ్ళి విందులో బల్ల కింద నుంచి ఇవ్వాలి, పైనుంచి కాదు. ఇలాంటివి ఆయనకు జపమాలలా నోటికొచ్చు.

"మనిషి మర్యాద చర్చిలో తెలియదే. బల్ల దగ్గర్నుంచి లేచేటప్పుడు తెలుస్తుంది" అనేవారు.

ఒక్క చోట మాత్రం టిప్పు కోసం ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళేది కాదు. డుమేన్ వీధి మూలనున్న బారులో.

ఆదివారం ప్రార్థన కాగానే అక్కడికే వెళ్ళేవాళ్ళం. తలుపు అద్దం మీద బంగారు రంగు అక్షరాలుండేవి. అప్పట్లో నాకవి ముగ్గులే. బారు మొబీల్ ఊరి షావుకారు ఎవరిదోనని ఆయన చెప్పారు. బల్ల వెనక పనంతా జెర్మేన్ అనే ఆమె చేసేది, అంట్లు తోమడానికి ఇంకొకామె ఉండేది.

ఆయనకు సాజరాక్. జెర్మేన్ గ్లాసు లోపలంతా ఆబ్సింత్ అనే సోంపు సారా తిప్పి పారబోసేది. దాని వాసన మాత్రమే మిగలాలట. ఆ పైన విస్కీ. నాకేం కావాలో కూడా ఆయనే చెప్పేవారు. రామోస్ ఫిజ్. జిన్నులో మీగడ, గుడ్డు తెల్లసొన, నారింజ పూల నీళ్ళు కలిపి, నురగ గట్టిపడేదాకా ఊపాలి. ఒక్క గ్లాసుకే భుజం పడిపోతుంది.

"నాకు కాఫీ చాలండీ" అన్నాను ఓసారి. "పాపం, ఆమె చేతులు."

"ఊపనియ్యవే. ఆ చేతులకేం కాదు."

జెర్మేన్ నవ్వింది. "చూశారా అమ్మగారూ, మీ ఆయనకి నా మీద బొత్తిగా జాలి లేదు."

"జాలిపడితే నురగ రాదు" అన్నారాయన.

బిల్లు కట్టి లేచారు. ఒక్క నాణెం కూడా పెట్టలేదు.

"ఏవండీ, ఆమెకీ..."

"పద."

"ఊళ్ళో అందరికీ ఇస్తారు కదండీ."

"మెనూ చదవడం రాదు గానీ నాకు మర్యాదలు నేర్పుతావా?"

ఆయన వెనకే బయటికి నడిచాను. కానీ సిగ్గుతో చచ్చిపోయాను. ఆల్సీడ్ రోబిషో భార్యనని చెప్పుకుని తలెత్తుకు తిరిగేదాన్ని. ఆ పేరొక్కటే నా ఆస్తి.

అప్పటి నుంచి గొడుగు మర్చిపోవడం మొదలుపెట్టాను. కావాలనే కుర్చీకి తగిలించి వచ్చేసేదాన్ని. వీధిలోకి వెళ్ళాక గుర్తొచ్చినట్టు వెనక్కి పరిగెత్తి, మడిచిన నోట్లు గ్లాసు కింద దోపేదాన్ని. మా ఇంటి కప్పు కారుతుంటే గదుల్లో గిన్నెలు పెట్టుకునేవాళ్ళం. "నదిలో పని పలచబడిందే" అనేవారాయన. అయినా వంటింటి ఖర్చులో మిగిల్చి, చెప్పులకి అతుకులు వేయించుకుని, ఆదివారానికి దాచేదాన్ని.

జెర్మేన్ గొడుగు పట్టుకుని తయారుగా ఉండేది.

"మళ్ళీనా అమ్మగారూ?"

"పాడు మతిమరుపు."

"గొడుగే కాబట్టి సరిపోయింది. ఏదో ఒకరోజు మొగుణ్ణే మర్చిపోయి వెళ్ళేరు."

ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఏళ్ళ తరబడి అలాగే గడిచింది.

ఒక మార్చి నెలలో, చుక్కాని దగ్గర నిలబడి ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది.

మా వైపు సమాధి కాగానే అందరూ పోయినవాడు అలవాటుగా వెళ్ళే బారుకు వెళ్తారు. అతని చోట అతని గ్లాసు పెట్టి, అతని మంచి చెప్పుకుంటారు. నాకు భయం పట్టుకుంది. పైలట్లందరి ముందూ జెర్మేన్ ఒక్క మాట అంటే? 'నాకు మాత్రం ఏనాడూ చిల్లిగవ్వ విదల్చలేదు' అంటే? ఆయన గురించి ఊరు చెప్పుకునే చివరి మాట అదే అవుతుంది.

అందుకే పొద్దున్నే, శవపేటిక ఇంకా చర్చిలో ఉండగానే, చేతిలో ఉన్నదంతా కవరులో పెట్టుకుని వెళ్ళాను.

జెర్మేన్ నల్ల గౌను వేసుకుంది. మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా మేలుకునే ఉద్యోగం కదా అనుకున్నాను. నేను అడగకుండానే ఆయన కూర్చునే చోట సాజరాక్ పెట్టి ఉంది.

"జెర్మేన్, ఆయన తరఫున క్షమించమని అడగడానికి వచ్చాను" అన్నాను. "ఊరందరికీ విప్పిన పిడికిలి నీ దగ్గర మాత్రం ఎందుకు ముడిచారో నాకు తెలియదు. ఆయన చెడ్డవాడు కాదమ్మా. ఇవాళ నలుగురిలో ఆయన్ని ఏమీ అనకు."

కవరు బల్ల మీద పెట్టాను.

ఆమె గ్లాసు తుడవడం ఆపలేదు. అది తళతళలాడాక దీపానికెత్తి చూసి, పక్కన పెట్టింది. అప్పుడు ఒక్క వేలితో కవరును నా వైపు నెట్టింది.

"మీ గొడుగు డబ్బులన్నీ అంట్లు తోమే ఆమెకే ఇచ్చేశాను అమ్మగారూ; యజమానికి టిప్పు ఇవ్వకూడదని ఆయనే అనేవారు, ఈ బారు నా పేరు మీద కొనిచ్చిన రోజు నుంచీ."

— ఒడాలీ రోబిషో, వయసు డెబ్బై ఒకటి. ఇల్లు అమ్మేశాక, హూమా ఊళ్ళో చెల్లెలి దగ్గర.