మునిసిపాలిటీ కొన్న స్థలం

“చూపిస్తే అరిగిపోద్దేంటండీ ఆ కాగితం?”

వీరదుర్గ గొంతుకు మునిసిపల్ ఆఫీసు వరండాలో ఉన్నవాళ్లు కూడా తల తిప్పి చూశారు. గుమాస్తా గోపాలకృష్ణమూర్తిగారు మాత్రం తలెత్తలేదు.

“చూపించనని ఎవరన్నారమ్మా? ఇవాళ కుదరదన్నాను.”

“నిన్నా అదే అన్నారు. మొన్న బీరువా తాళం లేదన్నారు. అంతకుముందు ఆన్‌లైన్లో చూసుకోమన్నారు.”

“చూసుకున్నావా మరి?”

“చూశానండి. సర్వర్ డౌనంట. మీకంటే అదే నయం, ముందే చెప్పేసింది.”

మూర్తిగారి తల వెనక గోడ మీద పెద్ద బోర్డు ఉంది. మునిసిపాలిటీ అమ్మిన, కొన్న ఆస్తుల రికార్డులను ప్రజలెవరైనా చూడవచ్చని నీలం రంగు అక్షరాల్లో రాసి ఉంది. వీరదుర్గ దాన్ని పైకి చదివి వినిపించింది.

“ఆ బోర్డు పాత కమిషనర్‌గారు పెట్టించారమ్మా,” అన్నారు మూర్తిగారు, అందులోని మాట కూడా ఆయనతో పాటే బదిలీ అయిపోయినట్టు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. వీరదుర్గకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి! గట్టు వెడల్పు చేస్తామంటూ ఏటిగట్టు మీది జాలరి కుటుంబాలన్నిటినీ ఖాళీ చేయమన్నారు. బదులుగా ఇళ్ల స్థలాలకని మునిసిపాలిటీ రెండెకరాలు కొన్నదట. గుడిసె ఖాళీ చేయడానికి ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్లకే అందులో చోటు. గట్టు మీద అందరూ పెట్టేశారు. మిగిలింది వీరదుర్గ ఒక్కతే. ఆ రెండెకరాలు ఎక్కడ కొన్నారో, ఎవరి దగ్గర కొన్నారో అడిగితే ఒక్కరూ తిన్నగా చెప్పరు.

“స్థలం ఎక్కడికి పోతుందమ్మా? ముందు సంతకం పెట్టు. తర్వాత సర్వేయర్‌గారే చూపిస్తారు.”

“బేరానికొచ్చినోళ్లు చేపకే మొప్ప ఎత్తి చూస్తారండి. ఉన్న గూడు పీక్కుని పోయేదాన్ని, చూడకుండా ఎలా పెట్టేస్తానండీ?”

ఇంటికెళితే మొగుడు పల్లంరాజుతో ఇంకో గొడవ.

“నీ చదువు తగలెయ్య! పదో తరగతి చదివావని ఊళ్లో కాగితాలన్నీ నువ్వే చదవాలా? నీ మూలంగా మనకి రాకుండా పోతే పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతావ్?”

ఆ భయం వీరదుర్గకూ ఉంది. పైకి ఒప్పుకోలేదంతే.

మర్నాడు ఆమె ఖాళీ చేతులతో వెళ్లలేదు. ఎండు మెత్తళ్ల గంప నెత్తిన పెట్టుకుని తిన్నగా లోపలికి నడిచింది. మూర్తిగారి బల్ల పక్కనే, ఫ్యాను కింద దించింది.

“ఇదేంటమ్మా!” ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

“మీకు కుదిరేదాకా కూర్చుంటానండి. రోజూ మీ చుట్టూ తిరుగుతుంటే బజారుకెళ్లడానికి నాకెక్కడ కుదురుద్దీ? సరుకు ఇక్కడే అమ్ముకుంటాను.”

ఫ్యాను తన పని తాను చేసుకుపోయింది. కాసేపటికి చుట్టుపక్కల సీట్లు ఖాళీ అయ్యాయి. లోపలి గదిలోంచి కమిషనర్‌గారు ఏంటా వాసనని కేకేశారు. తాళం లేని బీరువా ఆ తర్వాత ఎంతో సేపు పట్టకుండానే తెరుచుకుంది.

వీరదుర్గ ఫైలంతా కూడబలుక్కుని చదివింది. కౌన్సిల్ తీర్మానం ఉంది. రిజిస్ట్రేషన్ అయింది. అమ్మిన రైతు తాతల నాటి నుంచి శిస్తు కట్టిన రసీదులున్నాయి. తాకట్టు లేదు, తగాదా లేదు. ధర కూడా ఊళ్లో నడిచే ధరే. హద్దులు చూసింది. తూర్పున కొబ్బరితోట, పడమర గోదావరి.

“గోదారి పక్కనేనా అండీ!”

ఆమె మొహం విప్పారింది. పడవ ఇంటి ముందే కట్టుకోవచ్చు. వలలు వాకిట్లోనే ఆరేసుకోవచ్చు. ఇన్నాళ్లూ ఈ పెద్దమనిషిని అనవసరంగా ఆడిపోసుకున్నానే అని సిగ్గేసింది.

“ఏమీ అనుకోకండి మూర్తిగారూ. ఏదో దాస్తున్నారనుకున్నాను.”

“దాచడానికేముందమ్మా? రికార్డంతా సక్రమంగానే ఉంది, చూశావుగా.” ఆయన సంతకం పెట్టాల్సిన కాగితాన్ని ఆమె ముందుకు తోసి, గంప వంక చూస్తూ కూర్చున్నారు.

వీరదుర్గ సంతోషంగా సంతకం పెట్టేసింది.

ఆ వారం తిరక్కుండానే గట్టు మీదికి పొక్లెయిన్ వచ్చింది. గుడిసెలన్నీ పోయాయి. సామాను మీద టార్పాలిన్ కప్పి, పిల్లల్ని పల్లంరాజుకు అప్పగించి, వీరదుర్గ స్థలం చూపించమని సర్వేయర్ గణేష్‌బాబు వెంటపడింది. ఇవాళ కాదు రేపన్నాడు. రేపు వెళితే ఎల్లుండన్నాడు. ఆఫీసుకు మళ్లీ గంప పట్టుకొస్తానన్నాక బండి తీశాడు. స్థలంలో కొట్టడానికి ఒక కొబ్బరికాయ కొనుక్కుని ఆమె ఆటోలో వెనకాలే వెళ్లింది.

కొబ్బరితోట చివరిదాకా నడిచి గణేష్‌బాబు ఆగాడు. ఎదురుగా కోతపడిన ఒడ్డు కింద గోదారి నిండుగా పోతోంది. అతను చేతిలోని ట్యాబ్ వంక, నీళ్ల వంక మార్చి మార్చి చూశాడు.

“ఇక్కడినుంచి ఎటండీ?”

అతను ఏటి మధ్యకు చెయ్యి చూపించాడు. అక్కడెవరో పడవలో నిలబడి వల విసురుతున్నారు.

“అవతల లంకలోనా! పిల్లలు బడికెలా వస్తారండీ? ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదా!” వీరదుర్గకు మళ్లీ చిరాకు ముంచుకొచ్చింది. “ఆ పడవకి అవతల కనపడే మెరకేనా?”

గణేష్‌బాబు ట్యాబ్ మూసేశాడు.

“అవతల కాదండి, ఆ పడవ కింద.”