మాట వినే దీపాలు

నెట్ మనిషి చెప్పులు విప్పేలోపే ఇంటాయన హాలు దీపాన్ని రెండుసార్లు వెలిగించి ఆర్పాడు. నోటితోనే.

"చూశావా? కుర్చీలోంచి లేవక్కర్లేదు. లైట్!"

దీపం వెలిగింది. కాస్త ఆలోచించుకుని వెలిగింది.

"అదిగో, ఆ నాన్చుడే నాకు పడదు. అన్న మాట నోట్లో ఉండగానే వెలగాలి."

నడవాలోంచి ఇల్లాలు టీ ట్రేతో వచ్చింది. టీపాయ్ మీద పెట్టి, నడుం పట్టుకుని మెల్లగా నిటారుగా నిలబడింది. పొద్దుట్నుంచి ఒక్క క్షణమైనా కూర్చోని మనిషి మొహం ఆవిడది. నెట్ మనిషిని పిలిపించింది కూడా ఆవిడే. నెల రోజులు వెంటపడితే గానీ ఆయన "సరే, రమ్మను" అనలేదు.

ఈ వైభవమంతా తోడల్లుడి చలవ. ఆయనింట్లో దీపాలు మాట వింటాయని తెలిసిందే తడవుగా ఈయన బల్బులూ ఫ్యాన్లూ గీజరూ అన్నీ మార్పించేశాడు. హాల్లో ఒక గుండ్రటి స్పీకరు, మేడ మీద పడగ్గదిలో ఇంకొకటి. నెట్ బాక్సు కూడా దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా వేగమైనదే ఏరి తెచ్చాడు. తోడల్లుణ్ణి భోజనానికి పిలిచాడు. అందరి ముందూ గొంతు సవరించుకుని "లైట్" అన్నాడు.

వెలగలేదు. గట్టిగా అన్నాడు. వెలగలేదు. స్పీకరు మాత్రం ఏదో ఇంగ్లీషులో సణిగింది.

"అన్నయ్యా, ఈ ఇంట్లో నీ మాట గోడలు కూడా వినవన్నమాట!" అన్నాడు తోడల్లుడు, చెయ్యి తుడుచుకుంటూ.

ఆ రాత్రి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు లేస్తూనే స్పీకర్లు రెండిటి గొంతూ నొక్కేశాడు, ఎదురు మాట్లాడేవి ఈ ఇంట్లో వద్దని. అదేం చిత్రమో, ఆ రోజు నుంచే దీపాలన్నీ దారికొచ్చాయి.

"మరి ఇబ్బందేమిటి సార్?" అన్నాడు నెట్ మనిషి.

"హాల్లో ఫరవాలేదు. వంటింటి వైపు అయితే అనీ అనకముందే పలుకుతుంది. మేడ మీదే ఆయాసపడుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓ గంట ఉలకదు, పలకదు. ఆమధ్య ఈవిడ చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఒకటే వాన. సిగ్నల్ తడిసిందో ఏమో, ఇల్లంతా చచ్చింది. నా చేత్తో నేనే స్విచ్చులు నొక్కుకున్నానయ్యా!"

"అయ్యయ్యో," అంది ఇల్లాలు.

నెట్ మనిషి అలమర మీది బాక్సు దించి వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. తన ఫోన్ తీసి ఏవో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. నుదురు ముడిపడింది.

"సార్, ఇది వేగం సిగ్నల్ ఒక్కటే ఇచ్చే బాక్సు. మీ బల్బులకీ ఫ్యాన్లకీ వేగం పడదు. నెమ్మదిగా, దూరం పోయే సిగ్నలే వాటికి అందుతుంది. రెండు రకాలూ ఇచ్చేది ఉంది. కింద ఒకటి, మేడ మీద ఒకటి పెడితే ఇల్లంతా అల్లుకుపోతుంది."

"నాన్చుతోందిరా మొర్రో అంటే నెమ్మదైనది అంటగడతావేమయ్యా!"

"అది కాదు సార్. నా ఫోన్లో చూస్తే మీ వస్తువులు ఒక్కటీ ఈ నెట్‌కి తగులుకున్నట్టు కనబడట్లేదు."

"నీ ఫోన్ పాతదై ఉంటుంది."

"పెట్టించండి," అంది ఇల్లాలు. "ఆ రెండు బాక్సులదే పెట్టించండి. నాకింక ఓపిక లేదు."

"మధ్యలో నీకేమిటోయ్? ఒక్కరోజైనా దాంతో మాట్లాడిన పాపాన పోయావా?"

"మాట్లాడేది మీరు. వినేది నేనే కదండీ, పొద్దస్తమానం."

"వింటే కూడా అలసిపోతారా ఎవరైనా!"

ఆవిడ వంగి మోకాలి పట్టీ సర్దుకుంది.

"సరే, పందెం," అన్నాడాయన, టీ ముట్టకుండానే లేచి. "మేడ మీదికెళ్ళి లైట్ అంటాను. వెలిగిందా, ఈ పాతదే ఉంటుంది. ఇంకెప్పుడూ ఈ ఇంట్లో నెట్ ఊసెత్తకూడదు. వెలగలేదా, నీ రెండు బాక్సులూ ఊరేగించుకో."

చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లెక్కాడు. పైన తలుపు చప్పుడైంది.

ఇల్లాలు అలవాటుగా మెట్ల దగ్గరికి నడిచింది. కమ్మీ మీద చెయ్యి వేసింది. మెట్లన్నీ ఒకసారి పై దాకా చూసింది. చెయ్యి తీసేసి వెనక్కొచ్చి, ఆయన కుర్చీలో కూలబడింది. ఆయన టీ తీసుకుని ఒక గుక్క తాగింది.

"లైట్!"

మేడ మీద ఏ వెలుగూ రాలేదు.

"లైట్! ఏయ్, లైట్!"

నెట్ మనిషి మెట్ల వైపు చూశాడు. ఆవిడ టీ కప్పులోకి చూసింది.

"లైట్..."

ఈసారి గొంతు చిన్నదైంది. తోడల్లుడు నవ్విన రాత్రి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి గొంతు అది. ఆవిడ కప్పు కింద పెట్టింది. కుర్చీ చేతుల మీద బరువు ఆనించి సగం లేచింది. మోకాలు కలుక్కుమంది. మళ్ళీ కూర్చుంది.

"రెండు బాక్సులదే పెట్టు బాబూ," అంది కళ్ళు మూసుకుని, "ఆయన లైట్ అన్నప్పుడల్లా పరిగెత్తుకెళ్ళి గది బయటి స్విచ్చు నొక్కడం ఇక నా మోకాళ్ళ వల్ల కాదు."