జట్టులో ఇంటిదొంగ

“మీవాడు బాగుపడుతున్నాడురా వెర్నన్. ఇంకో రెండు ఆటలు ఓపిక పట్టు,” అన్నాడు రాల్ఫ్, మైదానం పక్క బల్ల మీద కూర్చుంటూ.

“బాగుపడేవాడైతే బంతి అవతలివాళ్ల చేతుల్లోకి ఎందుకు విసురుతున్నాడు? ఐదు ఆటల్లో పదకొండుసార్లు!”

వెర్నన్ కొడుకు కోల్బీ ఆ ఊరి హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్. బంతి అందుకుని ఎవరికి విసరాలో తేల్చేది వాడే. ఆ జట్టు సహాయ కోచ్ రాల్ఫ్, వెర్నన్‌కి ముప్పై ఏళ్ల స్నేహితుడు. కోల్బీని పక్కన కూర్చోబెడితే ఆ చోటు దక్కేది రాల్ఫ్ కొడుకు ట్రెంట్‌కే.

“ప్రాక్టీసులో చూడు. మొదట్లో తేల్చుకోడానికి నాలుగు సెకన్లు పట్టేది, ఇప్పుడు రెండున్నర. శనివారం ఆటలోనే ఏదో తేడా వస్తోంది. నేను గట్టు మీంచి అంకె అరుస్తాను. ఆ అంకెకి ఏ ఎత్తో వాడు చేతికి కట్టుకున్న చీటీలో చూసుకుని జట్టుకి చెబుతాడు. అవతలివాళ్లు ముందే అక్కడికి చేరిపోతారు!”

“అయితే ఎవడో చెబుతున్నాడు.”

“ఎవడు చెబుతాడ్రా? ప్రతి గురువారం కొత్త చీటీ రాసేది నేను, ఆట కాగానే కాల్చేసేది నేను.” రాల్ఫ్ నవ్వాడు. “ఆ నాలుగో ఆట గెలిచాంగా, నువ్వు కిడ్నీలో రాయితో ఆసుపత్రిలో పడుకున్న వారం. నువ్వు లేకపోతేనే కుర్రాడు బాగా ఆడతాడేమో!”

ఆ మాట వెర్నన్‌కి చురుక్కుమంది. ఆరేళ్లప్పట్నుంచి పెరట్లో భుజం పడిపోయేదాకా వాడికి బంతులు విసిరింది తను. గురువారం వాడు ఇంటికి రాగానే జెర్సీ వేయించి, ఎడమ పిడికిలి గుండెల మీద పెట్టించి, ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టి మురిసిపోయేదీ తనే. అలాంటి తను కొడుక్కి శని అట!

ఆదివారం చర్చి మెట్ల మీద రాల్ఫ్ తల్లి ఎవరితోనో అంటోంది, “ఇక మా ట్రెంట్ వంతే.” వెర్నన్‌కి అంతా అర్థమైపోయింది. చీటీ రాసేవాడే అమ్ముకుంటున్నాడు, సొంత కొడుకు కోసం.

సోమవారం స్కూలు బోర్డు ముందు నిలబడి అదే చెప్పాడు. సాక్ష్యం ఎవరూ అడగలేదు. ఓడి ఓడి ఉన్న ఊరికి ఎవడో ఒకడు కావాలి. బుధవారానికి రాల్ఫ్ ఉద్యోగం పోయింది.

ఆ సాయంత్రమే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు రాల్ఫ్. “కోల్బీని తీసేయమని పెద్ద కోచ్ మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ అడ్డుపడ్డది నేనే.”

“నాటకాలాడకు. నమ్మినందుకు నా గొంతు కోశావు.”

“సరేరా. పిల్లాణ్ణి మాత్రం ఆపకు. వాడికి ఆట వస్తోంది.”

వెర్నన్ తలుపేశాడు. లోపలికొచ్చి ఏడ్చాడు. ముప్పై ఏళ్లు పక్కన కూర్చుని కాఫీ తాగినవాడు ఇంత పని చేస్తాడా!

గురువారం కొత్త కోచ్ రాసిన చీటీ కట్టుకుని కోల్బీ ఇంటికొచ్చాడు. “దొంగ పోయాడుగా. ఇక చూపించు నీ తడాఖా,” అంటూ వెర్నన్ హుషారుగా ఫొటో తీశాడు.

శనివారం కోల్బీ మళ్లీ మూడు బంతులు అవతలివాళ్ల చేతుల్లో పెట్టాడు. సగం ఆటకే వాణ్ణి కూర్చోబెట్టేశారు. వాడు తలెత్తి తండ్రి వైపు చూడలేదు.

కాళ్లీడ్చుకుంటూ వెర్నన్ కాఫీ కొట్టు దగ్గరికి వెళ్లాడు. అవతలి జట్టు టోపీ పెట్టుకున్న ముసలాయన పలకరించాడు.

“కోల్బీ నాన్నగారు కదూ? మీరు పెట్టే ఫొటోల కోసం మా కోచ్ కాచుక్కూర్చుంటాడండీ. మావాడనేముంది, ఈ చుట్టుపక్కల కోచ్‌లందరూ అంతే!”

అంత దుఃఖంలోనూ వెర్నన్ ఛాతీ కాస్త పొంగింది. “అంత బాగుంటాడా మావాడు?”

ముసలాయన కాఫీ ఊదుకుంటూ నవ్వాడు.

“మణికట్టు మీది చీటీలో ప్రతి అక్షరం కనిపిస్తుందండీ.”