వెనక ఉండే వాద్యం

"గీని గొంతు పాట కంటె ముంగటికొస్తున్నది," అని మత్తయి ఆ చిన్న వాద్యాన్ని దుకాణంలో అమ్మే జయపాల్ చేతికి తిరిగి ఇచ్చేశాడు. "ఇంకోటి చూపియ్యి తమ్మీ."

కోఠిలోని ఆ దుకాణంలో గోడ నిండా గిటార్లు వేలాడుతున్నాయి. మత్తయి వాటివైపు చూడనైనా లేదు. ఇబ్రహీంపట్నంలో బస్సు డిపోలో మెకానిక్ పని చేస్తూ, ఆదివారాలు చర్చిలో బేస్ గిటారు వాయించిన మనిషి. ఎడమ భుజం పట్టేశాక ఆ బరువు మోయలేక వదిలేశాడు. ఇప్పుడు అడుగుతున్నది యుకలేలె బేస్. చంటిపిల్లలా ఒళ్లో ఇమిడిపోతుంది. తీగలు మాత్రం లావు, రబ్బరులా మెత్తన.

"చిన్నగున్నదని బొమ్మ అనుకోకే అన్న. గొంతు పెద్ద గిటారుదే," అంటూ జయపాల్ రెండోది అందించాడు. "కాకుంటే దీనికి చప్పుడు తక్కువ. మైకు పెట్టకపోతే గడప దాటదు."

మత్తయి కళ్లు మూసుకుని, చెక్కను ఛాతీకి ఆనించి, ఒక తీగ మీటాడు. వినబడిందనడం కంటే తగిలిందనాలి ఆ ధ్వనిని.

"గిది ఎనక ఉంటున్నది. గిదే ఇయ్యి."

"అందరు ముంగటికొచ్చేది అడుగుతరు, నువ్వేందే ఎనక ఉండేది కొంటున్నవ్?" జయపాల్ నవ్వాడు. "ఒక్కనివే వాయిస్తే పాట గాదు ఇది, దుమ్ దుమ్ అంటది. పాడేటోళ్లు కావాలె."

"ఉన్నది. మా ఇంటామె పాడుతది. ఫోన్ల ఉన్నయ్ ఆమె పాటలు."

పక్కన నిలబడ్డ కూతురు వనిత చేతి సంచీని గట్టిగా పట్టుకుంది.

ఆ పాటలు ఫోన్‌లో లేవు. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసు.

అమ్మ యాదలక్ష్మి పోయి రేపటికి ఏడాది. ఆమె వంటింట్లో పాడుతుంటే బాపు గుమ్మం పక్కన నిలబడి ఫోన్‌లో పట్టిన పాటలవి. ఒకదానిలో చరణం మధ్య కుక్కర్ కూత పెడుతుంది, అమ్మ పాట ఆపకుండానే నవ్వుతుంది. ఇంకోదానిలో మాట మరిచిపోయి, అది గుర్తొచ్చేదాకా ముందు మాటనే సాగదీస్తుంది. ఎండాకాలంలో ఆ ఫోన్ వనిత చేతిలోంచి జారి నీళ్ల బకెట్లో పడింది. బాగుచేసేవాడు "లోపలిదంతా కొట్టేస్తేనే నడుస్తది" అంటే, బస్సుకు ఆలస్యమవుతోందని "సరే" అనేసింది. పాటలు గుర్తొచ్చింది ఫోన్ చేతికొచ్చాకే.

ఫోన్ తెచ్చిచ్చిన రోజు బాపు దాన్ని పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చాడు.

"ఏడాది ప్రార్థన అయ్యేదాక మీ అమ్మ పాట వినను బిడ్డా. గుండె ఆగదు," అన్నాడు.

గడువు దొరికిందని వనిత సంతోషించింది. ఆ సంతోషానికి అప్పటి నుంచీ తనను తానే అసహ్యించుకుంటోంది.

తిరుగు బస్సులో మత్తయి ఆ వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బొంగులూరు దగ్గర ప్లాట్ల బోర్డులు వెనక్కి పోతున్నాయి.

"బాపు, నీకొకటి చెప్పాలె."

"చెప్పు."

"ఆ ఫోన్..."

"ఫోన్‌కేమైంది? మంచిగనే ఉన్నది గద." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "మీ సుక్కమ్మ పెద్దమ్మ కందుకూరు నుంచి బయలెల్లిందట. బస్సు దిగంగనె నాకు ఫోన్ చేస్తనన్నది. నువ్వు పోయి తోల్కరా."

వనిత తల ఊపింది.

ఇల్లు చేరాక ఆయన ఎక్కువసేపు ఆగలేదు. వసారాలో కుర్చీ వేసుకుని ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకున్నాడు. వాటి వైరు చొక్కా జేబులోకి దిగింది.

"రేపు గద బాపు అన్నవ్!" వనిత గబుక్కున అంది.

"రేపు మందిల ఏడ్వలేనే. గియ్యాల్నే వింట."

ఆమె తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఇప్పుడు ఆ ముఖం మారుతుంది. ఇప్పుడు తల ఎత్తి తనవైపు చూస్తాడు.

మత్తయి తల ఎత్తలేదు. వేళ్లు మెల్లగా తీగల మీద నడిచాయి. చరణం మధ్యలో తనలో తాను నవ్వుకున్నాడు. కుక్కర్ కూసిన చోటు! తర్వాతి పాటలో ఆయన వేలు ఒకే స్వరాన్ని మళ్లీ మళ్లీ మీటుతూ, ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు నిలిచి, చాలాసేపటికి కిందికి దిగింది. అమ్మ మాట మరిచిన చోటు.

"వినొస్తున్నదా బాపు?"

ఆయన ఒక చెవిది తీశాడు. "మస్తు వినొస్తున్నది. కూర మాడినా పాట ఆపదు గదనే మీ అమ్మ!"

"అన్ని పాటలున్నయా?"

"ఒక్కటి గూడ పోలే. నువ్వేం ఫికర్ చెయ్యకు బిడ్డా."

"నాకొకటి పెట్టవా?"

"రేపు వినుగని. గియ్యాల మా ఇద్దర్ని ఇడిసిపెట్టు."

బాగుచేసినవాడికి తెలియలేదో, ఫోనే ఆ పాటల్ని ఏ మూలో దాచుకుందో, వనితకు అక్కర్లేదు. గడప మీద కూర్చుని తలను తలుపుకు ఆనించింది. కన్నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు. ఆ లోతు ధ్వని మెల్లగా సాగుతోంది. దాని పైన ఒక గొంతుకు సరిపడా ఖాళీ ఉంది.

అంతలో బాపు ఫోన్ మోగింది. పెద్దమ్మ బస్సు దిగినట్టుంది. ఆయన వేళ్లు ఆగకూడదని, తానే తీద్దామని, వనిత లేచి ఆయన చొక్కా జేబు వైపు చెయ్యి చాచింది.

ఫోన్ మోగుతున్నది లోపలి గదిలో.